డిష్‌వాషర్ కింద నీళ్లు కారుతుంటే ముందు ఏం చూడాలి?

డిష్‌వాషర్ కింద నీళ్లు చేరుతున్నాయి, మెకానిక్‌ని పిలవకుండా మనమే బాగు చేసుకోగలమా అని అడిగారు. చాలాసార్లు చేసుకోవచ్చు. ముందు ప్లగ్ తీసేసి, నీళ్ల ట్యాప్ కట్టేయండి. కరెంటు, నీళ్లు కలిసే చోట తొందర అస్సలు వద్దు.

తలుపు ముందు నుంచి కారుతుంటే మొదట చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ చూడండి. నూనె జిడ్డు, బోరు నీళ్ల తెల్లటి ఉప్పు పేరుకుంటే అది సరిగా అతుక్కోదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి, ముఖ్యంగా కింది మూలల్లో. చిరిగినా, గట్టిపడినా మోడల్ నంబరు చెప్పి కొత్తది తెచ్చుకోండి. చాలా మోడళ్లలో పాతది గాడిలోంచి లాగేసి, కొత్తది వేళ్లతో నొక్కితే కూర్చుంటుంది.

పౌడర్ అయిపోయిందని గిన్నెలు తోమే లిక్విడ్ పోశారా? అయితే ఆ నురగే బయటికి పొంగుతోంది, మిషన్ తప్పేం లేదు. లోపల తిరుగుతూ గిన్నెల మీద నీళ్లు చిమ్మే కింది స్ప్రే ఆర్మ్ పగిలినా నీటి ధార నేరుగా తలుపు మీద కొడుతుంది, అదీ చూడండి.

వెనక కారితే నీళ్లొచ్చే పైపు విప్పి, లోపలి రబ్బరు వాషర్ (చిన్న రింగు) మార్చి బిగించండి. మిషన్ అడుగు నుంచే అయితే పంపు సీలు పోయి ఉండొచ్చు. దానికి మాత్రం మెకానిక్‌నే పిలవండి.