ఆల్టర్నేట్ అంటే ప్రత్యామ్నాయమా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం వెబ్ ప్రోగ్రామింగ్ పాఠం తెలుగులో రాస్తున్నాను. వెబ్ పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్ భాషలో యానిమేషన్ ఏ దిశలో నడవాలో చెప్పే ‘యానిమేషన్-డైరెక్షన్’కు నాలుగు విలువలున్నాయి: నార్మల్, రివర్స్, ఆల్టర్నేట్, ఆల్టర్నేట్-రివర్స్. వీటిని సాధారణం, వ్యతిరేకం, ప్రత్యామ్నాయం, ప్రత్యామ్నాయ వ్యతిరేకం అని వివరించాను. చదివిన సహోద్యోగి నవ్వారు. ఎక్కడ తేడా వచ్చింది?
– ఒక అధ్యాపకురాలు, విజయవాడ

సమాధానం: ఆ నవ్వు మూడో మాట దగ్గర వచ్చి ఉంటుంది. ప్రత్యామ్నాయం అంటే ఒకటి కుదరనప్పుడు దాని బదులు మరొకటి. బస్సు దొరక్కపోతే రైలు ప్రత్యామ్నాయం. ఇంగ్లిషులో అది ఆల్టర్నేటివ్. ఇక్కడ ‘బదులు’ ఊసే లేదు. ఒక బంతి తెర ఎడమ అంచు నుంచి కుడి అంచుకు 2 సెకన్లలో వెళ్లేలా, అదీ ఆగకుండా నడిచేలా రాశారనుకోండి. నార్మల్ అయితే కుడి అంచు చేరిన బంతి చటుక్కున ఎడమ అంచున ప్రత్యక్షమై మళ్లీ బయల్దేరుతుంది. ఆల్టర్నేట్ అయితే వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. బేసి విడతల్లో పోక, సరి విడతల్లో రాక.

లెక్కల్లో ఏకాంతర కోణాలు చదివినవాళ్లకు ‘ఏకాంతరం’ తట్టవచ్చు. దానికి ఒకటి విడిచి ఒకటి అని అర్థం. రోజు విడిచి రోజు వచ్చే జ్వరాన్ని ఏకాంతర జ్వరం అనేది అందుకే. ఏ విడతనూ విడిచిపెట్టని మన బంతికి అది నప్పదు. నన్నడిగితే ‘రాకపోక’ అంటాను. అందులో ఓ చిన్న మెలిక ఉంది. మనం రాకనే ముందు చెబుతాం: రాకపోకలు, రానుపోను ఖర్చులు. ఆ వరుసే పట్టుకుంటే రాకపోక అచ్చంగా ఆల్టర్నేట్-రివర్స్ అవుతుంది, ఎందుకంటే దాని మొదటి విడతే తిరుగు నడక! చమత్కారం బాగానే ఉంది గానీ, పరీక్ష టెన్షన్‌లో ఉన్న విద్యార్థికి అది పట్టదు. ఆల్టర్నేట్‌ను ‘రాకపోక’ అనీ, నాలుగోదాన్ని ‘చివరి నుంచి మొదలయ్యే రాకపోక’ అనీ విడమర్చి రాయండి. విడతల సంఖ్య ఇవ్వకపోతే యానిమేషన్ ఒక్కసారే నడుస్తుంది కాబట్టి ఆల్టర్నేట్ అని రాసినా తిరుగు నడక కనిపించదన్న మాట కూడా అక్కడే చేర్చండి.

ఇక రివర్స్. వ్యతిరేకం అనేది అభిప్రాయాలకు, ఉద్యమాలకు ఎక్కువగా వాడే మాట. ‘వ్యతిరేక దిశ’ అంటే కొంత నయమే గానీ, ఎరుపు నుంచి నీలానికి మారే బటన్‌కు కుడి ఎడమలు ఎక్కడివి? ఈ దిశ చోటుకు సంబంధించింది కాదు, కాలానికి సంబంధించింది. అందుకే ‘చివరి నుంచి మొదటికి’ అనడం మేలు. రివర్స్‌లో వేగం తీరు కూడా తిరగబడుతుంది. మెల్లగా మొదలై ఊపందుకునే ఈజ్-ఇన్ కాస్తా ఊపుగా మొదలై చివర మెల్లబడుతుంది. ఆ సంగతీ ఈ మాటలో ఇమిడిపోతుంది. ‘విలోమం’ మంచి మాటే, అనులోమ విలోమాలు మనకు పాతవే. కాకపోతే బడిలో విలోమానుపాతం చదివిన పిల్లల బుర్ర లెక్కల వైపు పోతుంది.

నార్మల్‌కు ‘మామూలు’ చాలు, పక్కన ‘మొదటి నుంచి చివరికి’ అని ఉంటే మరీ మంచిది. ‘ముందుకు, వెనక్కి’ అని రాయవచ్చు కదా అంటారేమో. తెలుగులో ‘ముందు’ రెండు వైపులా చూస్తుంది. ‘ముందు చెప్పాను’ అంటే గడిచింది, ‘ముందుంది అసలు పండగ’ అంటే రాబోయేది. ‘ముందు ఫ్రేమ్’ అని రాస్తే దాటి వచ్చినదా, రాబోయేదా? సగం క్లాసు ఒకటి అనుకుంటుంది, సగం రెండోది.

‘వెనక్కి’తో ఇంకో తంటా. ఇదే పాఠంలో మీరు, యానిమేషన్ నడవని వేళల్లో బొమ్మ ఎలా కనిపించాలో చెప్పే ‘యానిమేషన్-ఫిల్-మోడ్’ కూడా చెప్పాలి. దాని విలువల్లో బ్యాక్‌వర్డ్స్ ఒకటి. యానిమేషన్ మొదలు కాకముందు ఆగి ఉండే వ్యవధిలోనే, అది మొదలయ్యేటప్పటి రూపాన్ని బొమ్మకు తొడగడం దాని పని. అందులో ఏదీ వెనక్కి నడవదు. రివర్స్‌కు ‘వెనక్కి’ ఖర్చు పెట్టేస్తే దీని దగ్గరికొచ్చేసరికి మీకు మాట మిగలదు. దీనికి ‘ముందే తొడుగు’ అని నా సూచన.