గుట్ట మీది సిద్ధులు ఏం తిని బతికారు?

ప్రశ్న: మొన్న మా ఆడబిడ్డ వాళ్లతో కలిసి ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కాం. ఆ నల్లబండల నడుమ నవనాథులనే తొమ్మిది మంది సిద్ధులు తపస్సు చేశారని అక్కడ చెప్పారు. అన్నం నీళ్లు లేకుండా ఏళ్లకు ఏళ్లు ఎట్లా కూర్చున్నారండీ? చూసొచ్చినప్పటి నుంచి నేను కూడా పొద్దున ఏమీ తినకుండా, ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఊపిరి బిగబడుతున్నాను. నాలుగు రోజులకే కళ్లు తిరుగుతున్నాయి. నాకు 58 ఏళ్లు. ఈ వయసులో మొదలుపెట్టడమే తప్పా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఊపిరి బిగబట్టడం ఇవాళే ఆపేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి బీపీ చూపించుకోండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

సిద్ధులు తిండి మానేసి కూర్చున్నారన్నది మనం అనుకునే మాట, వాళ్లు అనుకున్నది కాదు. నాథుల దారిలోనే నడిచిన స్వాత్మారాముడు 15వ శతాబ్దంలో హఠయోగ ప్రదీపిక అనే యోగసాధన పుస్తకం రాశాడు. ఒంటిని కష్టపెట్టే పనులు వద్దని చెబుతూ అందులో పొద్దుటి చన్నీళ్ల స్నానంతో పాటు ఉపవాసాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు! బియ్యం, గోధుమలు, పెసలు, పొట్లకాయ, శొంఠి, పాలు, నెయ్యి తినమన్నాడు, అదీ కడుపులో పావు వంతు ఖాళీ ఉంచి. ఉలవలు, ఇంగువ, ఎల్లిగడ్డ, పెరుగు, చల్ల వద్దన్నాడు. సాధన మొదలుపెట్టిన కొత్తలో పాలూ నెయ్యీ తప్పకుండా ఉండాలన్నాడు, మీరేమో సరిగ్గా ఆ కొత్తలోనే కడుపు మాడ్చుకుంటున్నారు.

ఇక ఉండే చోటు. చిన్న గది, చిన్న తలుపు, కిటికీలు ఉండవు, నేలలో గుంటలు ఉండవు, పెండతో దట్టంగా అలికి పురుగూ పుట్రా లేకుండా చేసుకోవాలి, బయట అరుగు, బావి, చుట్టూ గోడ. అంతకంటే ముందు చెప్పినది నాకు చాలా ఇష్టం: ఆ గది మంచి పాలన ఉన్న రాజ్యంలో, భిక్ష సులువుగా దొరికే చోట ఉండాలట. గుట్ట మీది నుంచి కింద ఆర్మూర్ ఇళ్లు మీకు కనిపించే ఉంటాయి. అట్లాంటి ఊళ్లలో మీలాంటి ఇల్లాలు గుప్పెడు బియ్యం వేస్తేనే పైన యోగి సాధన సాగింది. మనుషులతో అతిగా కలవొద్దన్న పుస్తకమే ఊరికి మరీ దూరం పొమ్మని మాత్రం అనలేదు.

ఊపిరి దగ్గర ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి అభ్యాసం చేస్తూ ఒక్కోసారికి 80 కుంభకాల దాకా, అంటే ఊపిరి బిగబట్టడాల దాకా, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. సింహాన్నో ఏనుగునో పులినో ఎట్లా నెమ్మదిగా మచ్చిక చేసుకుంటామో ఊపిరిని అట్లా లొంగదీసుకోవాలి, తొందరపడితే అదే మనిషిని చంపుతుందట. తప్పుగా చేస్తే ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలలో చెవుల్లో కళ్లలో నొప్పులు వస్తాయని కూడా రాసిపెట్టాడు.

అందుకే గురువు లేకుండా ఈ దారిలో అడుగు పడేది కాదు. మన తెలుగు కవి గౌరన కూడా 15వ శతాబ్దంలోనే ద్విపదలో నవనాథ చరిత్ర రాశాడు, అందులో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సారంగధరుడికి గురువుగా మీననాథుడు దొరికాకే కొత్త బతుకు మొదలవుతుంది. మీ ఫోన్ వీడియోలో నేర్పేవాళ్లకు మీ ముఖం కనిపించదు కదమ్మా, మీరు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో వాళ్లకెట్లా తెలుస్తుంది? హనుమకొండలో ఎదురుగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లను వెతుక్కోండి, మీ బీపీ సంగతి ముందే చెప్పండి.

వయసు గురించి టెన్షన్ వద్దు. పడుచువాళ్లు, ముసలివాళ్లు, పండు ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, బలం లేనివాళ్లు, ఎవరైనా సరే అభ్యాసం చేస్తే ఫలితం పొందుతారని హఠయోగ ప్రదీపికలోనే ఉంది.