మీ ప్రశ్నకు జవాబు: కేంద్రకాలపై పయాన్లను ఎందుకు ప్రయోగిస్తారు?

ప్రశ్న: కార్బన్ వంటి తేలికైన కేంద్రకాలను ఎలక్ట్రాన్లతోనో ప్రోటాన్లతోనో పరీక్షించే వీలుండగా, సెకనులో కోటో వంతు కూడా నిలవని పయాన్లను వాటిపై ప్రయోగించడం ఎందుకు? వాటి అస్థితిస్థాపక పరిక్షేపణం వల్ల కొత్తగా తెలిసేదేమిటి?

జవాబు: పయాన్ (ప్రోటాన్ కంటే చాలా తేలికైన, ధన లేదా ఋణ ఆవేశంతో దొరికే అల్పాయుష్షు కణం) కేంద్రకాన్ని తాకి, దాని అంతర్గత స్థితిని మార్చకుండా దారి మళ్లితే అది స్థితిస్థాపక పరిక్షేపణం. తన శక్తిలో కొంత ఇచ్చి కేంద్రకాన్ని ఉత్తేజిత స్థితికి చేర్చి, ఆ మేరకు శక్తి కోల్పోయి బయటపడితే అది అస్థితిస్థాపక పరిక్షేపణం. పలుచని కార్బన్ రేకుపైకి పయాన్ల పుంజాన్ని పంపి, ఒక కోణంలో వెలువడిన పయాన్ల శక్తిని అయస్కాంతాలతో కొలిచి, కేంద్రకం వెనక్కి జరగడానికి ఖర్చయిన శక్తిని మినహాయించి గ్రాఫు గీస్తే, సున్నా దగ్గర ఒక శిఖరం, 4.44 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికి కొలమానం) దగ్గర మరొకటి, 9.64 దగ్గర ఇంకొకటి కనిపిస్తాయి. ఇవి కార్బన్-12 ఉత్తేజిత స్థాయిలు. అయితే ఇంతవరకు ప్రోటాన్లతోనూ తెలుసుకోవచ్చు.

పయాన్ల అసలు విలువ వాటి ఆవేశంలో ఉంది. 1952లో చికాగోలో ఫెర్మీ బృందం పయాన్లను హైడ్రోజన్‌పై ప్రయోగించినప్పుడు, శక్తి పెరిగేకొద్దీ ధన పయాన్లు ప్రోటాన్లతో ఢీకొనే అవకాశం బాగా పెరగడం గమనించింది. పయాన్ గతిజశక్తి 180–190 ఎంఈవీ ప్రాంతంలో, పయాన్, న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) కలిసి క్షణికంగా డెల్టా అనే కణంగా మారడమే దీనికి కారణం. ఆ శక్తి వద్ద ధన పయాన్ ప్రోటాన్‌పై పరిక్షేపణం చెందే అవకాశం, ఋణ పయాన్ అదే ప్రోటాన్‌పై ఋణ పయాన్‌గానే మిగులుతూ పరిక్షేపణం చెందే అవకాశానికి దాదాపు 9 రెట్లు. న్యూట్రాన్ విషయంలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. అంటే ఒకే కేంద్రకాన్ని రెండు రకాల పయాన్లతో విడివిడిగా తాకించి చూస్తే, ఉత్తేజంలో ప్రోటాన్ల వంతెంతో, న్యూట్రాన్ల వంతెంతో వేరుచేసి చెప్పవచ్చు.

ఆరు ప్రోటాన్లు, ఏడు న్యూట్రాన్లు ఉన్న కార్బన్-13లో ఇది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. 162 ఎంఈవీ ఋణ పయాన్లతో కొలిస్తే 9.5 ఎంఈవీ దగ్గర ఎత్తైన శిఖరం లేస్తుంది. అదే రేకుపై, అదే శక్తిగల ధన పయాన్లతో కొలిస్తే ఆ శిఖరం దాదాపు కనబడకుండా పోతుంది. రెండింటి నిష్పత్తి 9కి దగ్గరగా రావడంతో, అక్కడ ఎగసింది దాదాపు పూర్తిగా న్యూట్రానేనని తేలింది. ఇంత సూటిగా జవాబిచ్చే కొలత కేంద్రక భౌతికశాస్త్రంలో అరుదనే నా అభిప్రాయం. ప్రోటాన్లు, న్యూట్రాన్లు సమానంగా ఉన్న కార్బన్-12లో 4.44 స్థాయిని మాత్రం రెండు రకాల పయాన్లూ దాదాపు సమానంగానే ఉత్తేజపరుస్తాయి.

అల్పాయుష్షు నిజంగానే ఇబ్బంది. విశ్రాంతిలో పయాన్ సగటు ఆయుష్షు 26 నానోసెకన్లు. 162 ఎంఈవీ వద్ద సాపేక్షతా ప్రభావం వల్ల అది రెట్టింపు దాటినా, సుమారు 15 మీటర్లు ప్రయాణించేసరికి పుంజంలో మూడింట రెండు వంతులకు దగ్గరగా క్షయమైపోతుంది. కాబట్టి మొదట పయాన్లను పెద్ద సంఖ్యలో పుట్టించాలి. 1972లో లాస్ అలమోస్‌లో 800 ఎంఈవీ ప్రోటాన్లతో పయాన్లను పుట్టించే యంత్రం, 1974లో స్విట్జర్లాండ్, కెనడా యంత్రాలు అందుబాటులోకి వచ్చాకే ఈ కొలతలు సాధ్యమయ్యాయి.

ఒక పరిమితిని మాత్రం మరువకూడదు. డెల్టా ప్రాంతంలో పయాన్ కేంద్రక పదార్థంలో ఒక ఫెర్మీ (10⁻¹⁵ మీటరు) దూరమైనా వెళ్లకముందే ఏదో ఒక న్యూక్లియాన్‌ను తాకుతుంది, కొన్నిసార్లు రెండు న్యూక్లియాన్ల మధ్య పూర్తిగా శోషితమై మాయమవుతుంది. అందువల్ల అది చెప్పేది ముఖ్యంగా కేంద్రకం ఉపరితలం సంగతే. 50 ఎంఈవీ పయాన్లయితే మరింత లోతుకు వెళ్తాయి కానీ, అక్కడ ఆ 9 రెట్ల తేడా ఉండదు. ఎలక్ట్రాన్ ప్రధానంగా ఆవేశాన్నే చూస్తుంది కనుక ప్రోటాన్ల విస్తరణను దానితో ముందే నిర్ధారించుకుని, ఆ ఆధారంతో పయాన్ కొలతల నుంచి న్యూట్రాన్ల వంతును రాబట్టవచ్చు.