డెడ్‌లైన్‌లో అతుకు ఎక్కడుంది?

హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథ చదివాను. మాదాపూర్ ఆఫీసు, అర్ధరాత్రి క్యాబులు, మేనేజర్ ఫోన్లు బాగానే కుదిరాయి. కథ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఈ ఉత్తరం ఒక్క మాట గురించే. మొదటి పేజీలో ‘డెడ్ లైన్’ అన్నావు, మూడో పేజీలో ‘డెడ్లైన్’ అన్నావు, చివర్లో ‘డెడ్-లైన్’ అన్నావు. పైగా ఏది సరైనదని నన్నే అడిగావు. ‘డెడ్‌లైన్’ అని రాయి. ఎందుకో తెలియాలంటే మాట పుట్టిన చోటు చూడాలి.

1864లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, దక్షిణాది సైన్యం జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ దగ్గర యుద్ధ ఖైదీలకు ఒక జైలు కట్టింది. చుట్టూ దుంగల గోడ. గోడకు లోపలివైపు సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటి మీద అడ్డకర్రలు కొట్టి ఒక కంచె వేశారు. దాటడం కష్టమేమీ కాదు. దాటినవాణ్ణి గోడ మీది కావలివాడు కాల్చేస్తాడు, అంతే. ఆ కంచె పేరు డెడ్‌లైన్. యుద్ధం ముగిశాక జైలు అధికారి హెన్రీ వర్జ్‌ను విచారించినప్పుడు ఆ కంచె నేరారోపణల్లోకే ఎక్కింది. 1865 నవంబరు 10న అతన్ని ఉరితీశారు. ఆ జైల్లో దాదాపు 13 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది రోగాలతోనూ ఆకలితోనూ.

ఆ తర్వాత అచ్చు పనివాళ్ళకూ ఒక డెడ్‌లైన్ ఉండేది. సిలిండర్ ప్రెస్సులో టైపు పరిచే బల్ల మీద ఒక గీత ఉండేది. దాన్ని దాటి పేర్చిన అక్షరాలు కాగితం మీద పడేవి కావు. 1920 ప్రాంతానికి అమెరికా పత్రికాఫీసుల్లో ఇదే మాట గడియారానికి అంటుకుంది. ఆ వేళ దాటాక వచ్చిన వార్త ఆ రోజు పేపర్లో ఉండదు. ఇంగ్లీషులో దీని రాత కూడా ఒక్కసారిగా స్థిరపడలేదు. మొదట రెండు మాటలు, ఆపైన మధ్యలో అడ్డగీత, చివరికి ఒకే మాట. అక్కడ జంటమాటలు చాలావరకు ఈ దారినే నడుస్తాయి. ఇంగ్లీషువాళ్ళు అరవై ఏళ్ళలో చేసిన ప్రయాణం నువ్వు పది పేజీల్లో చేశావు!

అతుక్కున్నాక రెండు ముక్కల అర్థం రెండు ముక్కలుగా ఉండదు. బ్లాక్‌బోర్డుకు ఆకుపచ్చ రంగు వేసినా అది బ్లాక్‌బోర్డే. విడి మాటలకూ అతుక్కున్న మాటకూ ఉన్న ఆ తేడాను ఇంగ్లీషువాళ్ళు గొంతుతో చూపిస్తారు, అతుక్కున్నప్పుడు మొదటి ముక్కను ఒత్తి పలుకుతారు. మనకు ఆ ఒత్తిపలకడం లేదు కాబట్టి రాతతోనే చూపించాలి. ‘డెడ్’ కూడా అన్నిచోట్లా చావు కాదు. డెడ్‌లాక్‌లో అది ‘బొత్తిగా కదలకుండా’ అని. మన పత్రికలు ప్రతిష్టంభన అంటాయి. గూగుల్‌ను నమ్ముకుని ‘మృత్యురేఖ’ అని రాసినవాళ్ళూ ఉన్నారు. నువ్వు రాయలేదు, సంతోషం.

ఇక టైపింగు. ‘డ’కు పొల్లు పెట్టి వెంటనే ‘లై’ కొడితే కంప్యూటర్ ఊరుకోదు, ‘ల’ను ఒత్తుగా మార్చి ‘డ్లై’ చేస్తుంది. చదివేవాడి నాలుక అక్కడ తొట్రుపడుతుంది. విడదీయాలని స్పేస్ కొడితే ఇంకో తంటా: పేజీ సర్దుకున్నప్పుడు ‘డెడ్’ ఒక లైను చివర, ‘లైన్’ తర్వాతి లైను మొదట పడతాయి. దీనికే యూనికోడ్‌లో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. కోడ్ 200సి. పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య దాన్ని ఉంచితే ఒత్తు పడదు, మాటా విడిపోదు. నీ కీబోర్డులో అది ఏ మీట మీద ఉందో ముందే చూసి పెట్టుకో. లేకపోతే సరిగా టైపు చేసిన మాట ఒకటి దగ్గర ఉంచుకుని కాపీ చేసుకో. ఒక చిక్కు మాత్రం ఉంది. కనిపించకపోయినా అది అక్షరమే కాబట్టి, ఫైల్లో ‘డెడ్లైన్’ అని వెతికితే ‘డెడ్‌లైన్’ దొరక్కపోవచ్చు. దిద్దేటప్పుడు నీ మూడు రూపాలనూ విడివిడిగా వెతుకు.

అలాగని ప్రతి పొల్లు దగ్గరా దాన్ని కుక్కకు. బహువచనం ‘డెడ్‌లైన్లు’. అక్కడ ‘న్లు’ ఒత్తు పడాల్సిందే, ఆ ‘లు’ మనది. ఇంగ్లీషు అతుకు దగ్గర ఆపు, తెలుగు ప్రత్యయం దగ్గర కలుపు. ‘లో’, ‘కు’ లాంటి విభక్తుల దగ్గర పత్రికలు రెండు రకాలుగానూ రాస్తాయి. నేను విడదీస్తాను, నువ్వు ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దానిమీదే ఉండు. ఇంకో తమాషా చూడు. ‘లైను’ ఒంటరిగా ఉన్నప్పుడు రైలు, కారుల్లా ఉకారం తగిలించుకుని మనదైపోయింది, రేషన్ షాపు దగ్గర లైను కడతాం. డెడ్‌లైన్‌లో మాత్రం ఆ ‘ఉ’ ఇంకా చేరలేదు.

జంటమాటలో రెండు ముక్కలూ పుట్టు ఇంగ్లీషే అనుకోకు. మన ట్యాంక్‌బండ్ ఉంది కదా. ఇక్కడ ట్యాంక్ అంటే చెరువు, అంటే 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్. బండ్ అంటే కట్ట, ఫారసీ ‘బంద్’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి మళ్ళీ మనకే తిరిగొచ్చింది. నిమజ్జనం రోజు పోలీసుల బందోబస్తులోనూ, దుకాణాలు మూయించే బంద్‌లోనూ ఉన్నది ఆ మాటే. కట్టడం, బిగించడం, మూయడం. ‘ట్యాంక్బండ్’ అని ఒత్తు పడేలా రాస్తే ఈ అతుకు కనబడదు.

మళ్ళీ మన మాటకు వస్తే, నీ కథలో ‘మూడు రోజుల డెడ్‌లైన్’ అని ఉంది. గడువుకు నిడివి ఉంటుంది. గడవడం నుంచి వచ్చింది కనుక మూడు రోజుల గడువు ఇస్తారు, అడుగుతారు, పెంచుతారు. డెడ్‌లైన్ గీత, ఒక్క క్షణం. సంభాషణలో పాత్ర ఎలాగైనా అనవచ్చు, ఆఫీసుల్లో అలాగే అంటారు కూడా. కథకుడి నోట మాత్రం వద్దు. ‘తుది డెడ్‌లైన్ గడువు’లో ఒకే పని ముగ్గురు చేస్తున్నారు, ఇద్దర్ని పంపించెయ్. ‘డెడ్‌లైన్‌ను కలుసుకోలేకపోయాడు’ తీసెయ్, అది ఇంగ్లీషు క్రియకు తెలుగు చొక్కా. మనం ‘డెడ్‌లైన్ దాటిపోయింది’ అంటాం. గడువు దాటడం మనకు ఎప్పటినుంచో ఉంది కనుక ఆ క్రియే దీనికీ వచ్చి చేరింది. తెలియకుండానే మళ్ళీ ఆండర్సన్‌విల్ కంచె దగ్గర నిలబడ్డాం.

ఏడో పేజీలో నీ విలేకరి పాత్ర ‘డెడ్‌లైన్‌లో ఊరి పేరు తప్పు పడింది’ అంటాడు. అది డేట్‌లైన్. వార్త మొదట్లో ఊరూ తేదీ ఉండే ముక్క. విలేకరి ఆ రెంటినీ కలగలపడు. అక్కడ ఒక్క మాట మార్చి, మిగతావి దిద్దుకుని పంపు. వచ్చే నెల 10 దాకా గడువు.

ఆశీస్సులతో,
మీ అన్న