విలీనమంటే అక్క భయపడుతోంది.. నేను పైలట్ కోర్సులో చేరొచ్చా?

ప్రశ్న: ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాను. పైలట్ కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మా అక్క ఒక విమానయాన సంస్థలో నాలుగేళ్ల మూడు నెలలుగా క్యాబిన్ క్రూగా పనిచేస్తోంది. నష్టాల్లో ఉన్న ఆ సంస్థను ఇంకో పెద్ద సంస్థలో కలిపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అక్క వాట్సాప్ గ్రూపుల్లో కొందరు రాజీనామా చేద్దామంటున్నారు, కొందరు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెడదామంటున్నారు. అక్క ఉద్యోగం మానేసి ఎంబీఏ చేస్తానంటోంది. నన్ను మాత్రం ఈ వైపు రానే రావద్దంటోంది. అక్క ఆలోచన సరైనదేనా? నేను పైలట్ కోర్సులో చేరాలా, లేక ఏఎంఈ (విమానాల మరమ్మతు ఇంజినీరింగ్ కోర్సు) చేయాలా?

జవాబు: మీరు రెండు విషయాలు కలిపి అడిగారు. అక్క సంగతి ముందు చూద్దాం. దానికి గడువు ఉంది, మీదానికి లేదు.

విలీనం అనగానే బయటివాళ్లకు వచ్చే అనుమానం ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా అని. విమానాల్లో పనిచేసేవాళ్లు మాత్రం ముందుగా వెతుక్కునేది సీనియారిటీ జాబితాలో తమ నంబరును. ఎవరు ముందు కెప్టెన్ అవుతారు, ఎవరికి పెద్ద విమానం దక్కుతుంది, కోరుకున్న బేస్‌కు (డ్యూటీ మొదలయ్యే ఊరికి) ఎవరికి ముందు బదిలీ వస్తుంది, ఉద్యోగాలు తగ్గించాల్సి వస్తే ఎవరిని ముందు ఇంటికి పంపుతారు.. చాలా సంస్థల్లో ఇవన్నీ ఆ నంబరును బట్టే ఉంటాయి. రెండు సంస్థలు కలిస్తే రెండు జాబితాలను ఒకటి చేయాలి. ఒకరు ఒక మెట్టు ఎక్కారంటే ఇంకెవరో దిగినట్టే. మీ అక్క గ్రూపుల్లో అంత వేడి ఎందుకుందో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది. వాళ్లు అతిగా కంగారు పడుతున్నారని నేను అనను.

ఈ గొడవ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటి ఉంది. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. యూఎస్ ఎయిర్‌వేస్ అప్పటికే రెండుసార్లు దివాలా రక్షణ కోరిన సంస్థ. అక్కడి పైలట్లలో చాలామందికి సర్వీసు ఎక్కువే, కానీ కొందరు లేఆఫ్‌లో ఇంట్లో కూర్చున్నారు. 2007లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పులో అలాంటివాళ్లు అమెరికా వెస్ట్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ల కంటే కిందికి పోయారు. పదిహేడేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు కూడా అదే గతి. సంఖ్యలో ఎక్కువగా ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు కోపంతో 2008లో పాత యూనియన్‌నే ఓడించి కొత్తది పెట్టుకున్నారు. కోర్టు కేసులు నడిచాయి. విమానాల మీద రంగు ఒకటే, లోపల మాత్రం రెండు వర్గాలు ఏళ్ల తరబడి విడివిడిగా ఎగిరాయి. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో మళ్లీ విలీనం జరిగింది. అందరికీ కలిపి ఒకే జాబితా తేలింది 2016లో. నన్ను ఆలోచింపజేసేది ఏమిటంటే, జాబితా కోసం అంత పట్టుదలగా పోరాడినవాళ్లు ఆ ఏళ్లలో చాలాభాగం దివాలా నాటి తక్కువ జీతాల మీదే పనిచేశారు. ఉమ్మడి ఒప్పందం కుదరకపోతే కొత్త జీతం రాదు మరి.

దీనికి భిన్నంగా నడిచింది 2008 నాటి డెల్టా, నార్త్‌వెస్ట్ విలీనం. ఆ జులైలో ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లు దాటింది. సంస్థలన్నీ నెత్తిన చేతులు పెట్టుకున్న రోజులవి. అయినా విలీనం పూర్తికాకముందే పైలట్ల ఉమ్మడి ఒప్పందం కుదిరింది, సీనియారిటీని ఆ ఏడాది చివరికల్లా మధ్యవర్తులు తేల్చేశారు. నచ్చనివాళ్లు రెండువైపులా ఉన్నారు. అయినా పని సాగింది.

మన దగ్గర 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. కాగితం మీద కలిశాయంటే బాగుంటుందేమో. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కావాలని 2011లో సమ్మె చేశారు. కొత్తగా వస్తున్న బోయింగ్ 787 విమానాల శిక్షణను వాళ్లతో పంచుకోబోమని 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు సమ్మెకు దిగారు. అది 58 రోజులు సాగింది. పెళ్లయి ఐదేళ్లయినా ఇంకా వేరు కుంపట్లే అన్నమాట. 2024 మార్చి, ఏప్రిల్‌లలో ఎయిర్ ఇండియాలో కలవబోతున్న విస్తారా సంస్థ పైలట్ల అసంతృప్తి కూడా విలీనానికి ముందే బయటపడింది. అంతకుముందు నెలకు 70 గంటలకు గ్యారంటీగా వచ్చే జీతాన్ని కొత్త ఒప్పందంలో 40 గంటలకు కుదించడం దానికి ప్రధాన కారణం. సిక్ లీవులు పెరిగాయి, విమానాలు రద్దయ్యాయి, సంస్థ సర్వీసులనే తగ్గించుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 12న విస్తారా, ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది.

సిక్ లీవ్ మాట మీరు రాశారు కాబట్టి ఇంకొకటి. అదే 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ పెద్ద సంఖ్యలో ఒకేసారి సిక్ అని చెప్పారు. సంస్థ సుమారు 25 మందికి తొలగింపు లేఖలు ఇచ్చింది. కార్మిక శాఖ అధికారుల సమక్షంలో రాజీ కుదిరాక వాళ్లను వెనక్కి తీసుకున్నారు. కథ సుఖాంతమే, కానీ లేఖ అందుకున్న ఆ రాత్రి ఆ 25 మంది ఇళ్లలో ఎలా ఉండి ఉంటుందో అక్కను ఒక్కసారి ఊహించుకోమనండి. డిమాండ్ న్యాయమైనది కావచ్చు. నిజంగా జబ్బు చేయకుండా సిక్ అని రాసిస్తే మాత్రం ఆ కాగితం మీద ఉండేది ఆమె సంతకం ఒక్కటే. యూనియన్ ఉంటే దాని ద్వారా, లేకపోతే రాతపూర్వకంగా అడగడమే మంచిది.

ఇలాంటి విలీనంలోనే చిక్కుకున్న ఒక అమ్మాయి కొంతకాలం క్రితం నా దగ్గరకు వచ్చింది. చేతిలో తాత్కాలిక సీనియారిటీ జాబితా ప్రింటవుట్, దాని నిండా పసుపు హైలైటర్ గీతలు. తనకన్నా వెనక చేరినవాళ్లు తన పైన ఎలా ఉన్నారని ఏడుపు గొంతుతో అడిగింది. ఇద్దరం కూర్చుని కాలమ్ కాలమ్ చూశాం. ఆమె వరసలో ఉన్న తేదీ ఉద్యోగంలో చేరినది కాదు, శిక్షణ ముగించి మొదటి డ్యూటీకి ఎక్కినది. విమానాల రాక ఆలస్యమై ఆమె బ్యాచ్‌ను రెండు నెలలు ఖాళీగా కూర్చోబెట్టారు. రెండో సంస్థవాళ్లకేమో చేరిన తేదీనే లెక్కగట్టారు. ఆఫర్ లెటర్, శిక్షణకు పిలిచిన మెయిల్, మొదటి డ్యూటీ రోస్టర్ జతచేసి గడువులోపల అభ్యంతరం పంపించింది. పూర్తిగా కాకపోయినా చాలావరకు సరిచేశారు. ఆమె గ్రూపులో రోజంతా మెసేజ్‌లు పెట్టినవాళ్లలో చాలామంది ఆ అభ్యంతరం ఫారమే నింపలేదట!

మీ అక్క కూడా ముందు ఈ కాగితాల పని చూసుకోవాలి. ఆఫర్ లెటర్ నుంచి నిన్నటి పే స్లిప్ దాకా, శిక్షణ సర్టిఫికెట్లు, మెడికల్, అప్రైజల్ మెయిళ్లు అన్నీ సొంత మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోమనండి. విలీనం తర్వాత పాత కంపెనీ మెయిల్ ఐడీ ఏ రోజు మూతపడుతుందో చెప్పలేం. బదిలీ లేఖ వచ్చినప్పుడు అందులో సర్వీసు తెగకుండా కొనసాగుతుందన్న వాక్యం ఉందో లేదో చూడాలి. జీతంలో ఎంత భాగం స్థిరం, ఎంత ఎగిరిన గంటల మీద ఆధారపడిందో కూడా చూడాలి. విస్తారా గొడవ అక్కడే మొదలైంది. అమెరికాలో 2001లో విలీనమైన టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ క్యాబిన్ క్రూను అమెరికన్ ఎయిర్‌లైన్స్ జాబితాలో అట్టడుగున చేర్చిన తర్వాత, సీనియారిటీ కలిపేటప్పుడు న్యాయం పాటించాలని 2007లో అక్కడ ప్రత్యేకంగా చట్టమే చేశారు. మన దగ్గర అంత స్పష్టమైన రక్షణ లేదు. అందుకే లేఖలో ప్రతి వాక్యం ముఖ్యం. అర్థంకాని చోట సంతకం పెట్టే ముందే కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌కు చూపించాలి.

రాజీనామా గురించి: నాలుగేళ్ల మూడు నెలల దగ్గర వద్దు. పర్మనెంట్ ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తయితే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. సర్వీసు కొనసాగింపు ఉంటే పాత సంస్థలో గడిపిన కాలమూ ఆ లెక్కలోకి వస్తుంది. ఎంబీఏ నిజంగా ఇష్టమైతే ఈ తొమ్మిది నెలలు ప్రవేశ పరీక్షకు చదువుకోవచ్చు. కోపంలో చేసే ఎంబీఏ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఇంకో మాట కూడా అక్కతో చెప్పండి. విలీనాల్లో ముందుగా కోతపడేది చాలావరకు ఆఫీసు ఉద్యోగాల మీద. రెండు హెచ్ఆర్ విభాగాలు, రెండు ఫైనాన్స్ విభాగాలు, ఒకే విమానాశ్రయంలో రెండు స్టేషన్ ఆఫీసులు ఎవరికీ అక్కర్లేదు. విమానాలు ఎగురుతున్నంతకాలం వాటిలో క్రూ కావాలి. కాబట్టి చైర్మన్ ప్రసంగం కన్నా, ఉమ్మడి సంస్థ ఎన్ని విమానాలు ఉంచుకుంటుంది, ఎన్ని వెనక్కి ఇచ్చేస్తుంది అన్నది ఆమె ఎక్కువగా గమనించాలి.

ఇక మీ విషయం. ఈ రంగం విచిత్రమైనది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. అదే 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో ఒకేసారి 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. కంపెనీలు పడిపోతుంటాయి, విమానాలు మాత్రం పెరుగుతుంటాయి. సంస్థ మూతపడితే సీనియారిటీ నంబరు దానితోపాటే పోతుంది, లైసెన్స్ మీ దగ్గరే ఉంటుంది. జెట్ ఆగిపోయాక బోయింగ్ 737 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్నవాళ్లకు, ఆ విమానాలు నడిపే వేరే సంస్థల తలుపు తట్టే వీలుంది. అలాంటి కాగితమేదీ లేని ఆఫీసు ఉద్యోగికి అంత సులువు కాదు. మీరు అడిగిన రెండు దారుల్లోనూ చేతికి వచ్చేది లైసెన్సే కాబట్టి అక్క భయం మీకు పూర్తిగా వర్తించదు.

రెండింటిలో ఏది అంటే, ముందు డబ్బు, ఆరోగ్యం చూడాలి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పరీక్షలు, 200 గంటల ఎగిరిన అనుభవం కావాలి. ఆపైన టైప్ రేటింగ్‌కు మళ్లీ విడిగా ఖర్చు. లైసెన్స్ వచ్చినా సంస్థలు నియామకాలు ఆపిన సమయంలో బయటికొస్తే ఒకటి రెండేళ్లు ఖాళీగా ఉండాల్సి రావచ్చు. ఆ కాలంలో అప్పు వాయిదాలు ఎవరు కడతారో నాన్నగారితో కూర్చుని లెక్క వేయండి. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే నేనైతే వద్దనే అంటాను. ఉద్యోగం వచ్చాక కూడా మారడం అంత తేలిక కాదు. నోటీసు పీరియడ్ కో-పైలట్లకు 6 నెలలు, కమాండర్లకు (కెప్టెన్లకు) ఏడాది అని 2017లో డీజీసీఏ నిబంధన తెచ్చింది. పైలట్ల సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి.

ఏఎంఈకి ఖర్చు తక్కువ. మెకానికల్ వైపు బి1, ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు) వైపు బి2 లైసెన్స్ ఉంటాయి. ఎయిర్‌లైన్స్ బాగోకపోయినా విమానాల మరమ్మతు కేంద్రాలు ఉంటాయి. కాకపోతే రాత్రి షిఫ్టులు, హ్యాంగర్ (విమానాల షెడ్డు) వేడి, లైసెన్స్ వచ్చేదాకా సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని తక్కువ జీతానికి పనిచేసే ఏళ్లు.. ఇవి ప్రకటనల్లో కనిపించవు. మీరు చేరబోయే సంస్థకు డీజీసీఏ ఆమోదం ఇప్పుడు అమల్లో ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే చూడండి, కాలేజీ బ్రోషర్‌లో కాదు.

ఏ ఫ్లయింగ్ స్కూలుకూ అడ్వాన్స్ కట్టకముందే డీజీసీఏ ఆమోదించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించుకోండి. రంగులు గుర్తించలేని కంటి లోపమో, చెవి సమస్యో ఉందని ఫీజు కట్టాక తెలిసినవాళ్లను చూశాను. ఆ రిపోర్టు, నాన్నగారితో వేసిన లెక్క చేతిలో ఉంచుకుని మళ్లీ రాయండి. అక్క బదిలీ లేఖ ఈలోగా వస్తే, మీ ఉత్తరంతో పాటు దాని జిరాక్స్ కూడా పంపమనండి.