సంతకం పెట్టిన రోజున మనసెలా ఉంది?

ప్రశ్న: మా అన్నయ్యకు 41 ఏళ్లు, పెళ్లి కాలేదు. పన్నెండేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. నాన్న పోయాక పంపకాల్లో తనకు 80 సెంట్ల కొబ్బరితోట వచ్చింది. కిందటేడు మందులు మానేసి, అన్నంలో విషం కలుపుతున్నారంటూ తిండి కూడా మానేశాడు. ఆ రోజుల్లోనే మా చిన్నాన్న కొడుకు అన్నయ్యను అమలాపురం తీసుకెళ్లి తోట రాయించేసుకున్నాడు. ఇప్పుడు కొబ్బరికాయల దింపులు కూడా వాళ్లే తీయిస్తున్నారు. పిచ్చివాడి సంతకం చెల్లనే చెల్లదని ఒకరు, రిజిస్టరయ్యాక చేసేదేం లేదని ఒకరు అంటున్నారు. అన్నయ్య మళ్లీ మందులు మానేశాడు, ఆసుపత్రికి రానంటున్నాడు. ఏం చేయాలి?
— ఒక చెల్లెలు, ముమ్మిడివరం దగ్గర

జవాబు: అమ్మా, మీకు చెప్పిన రెండు మాటలూ తప్పే. జబ్బు ఉన్నంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. రిజిస్టరైనంత మాత్రాన దస్తావేజుకు తిరుగులేదనీ కాదు.

స్కిజోఫ్రీనియా బుద్ధిమాంద్యం కాదు. లేని గొంతులు వినపడటం, అయినవాళ్ల మీదే అనుమానం పెరగడం లాంటివి ఉధృతంగా ఉండే రోజులుంటాయి. మందు సరిగ్గా పడితే దింపు లెక్కలు తానే చూసుకోగలిగే నెలలూ ఉంటాయి. చట్టమూ ఈ తేడాను ఒప్పుకుంది. మానసిక జబ్బు ఉందని తేలినా, కోర్టు తేల్చనిదే ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కగట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ అంటుంది. 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ అడిగేది ఒక్కటే: ఆ ఒప్పందం ఏమిటో, దానివల్ల తనకు మేలో కీడో సంతకం పెట్టే వేళకు ఆలోచించుకోగలిగాడా? ఆలోచించుకోలేని స్థితిలో రాసిచ్చిన దస్తావేజు మొదటినుంచీ చెల్లదు.

అంటే మీ కేసు రిజిస్ట్రేషను జరిగిన ఆ ఒక్క రోజు చుట్టూ తిరుగుతుంది. మతి సరిగా లేదని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. మామూలుగా మతి లేని స్థితిలోనే ఉంటాడని మీరు చూపగలిగితే, ఆ రోజు మాత్రం బాగున్నాడని చూపాల్సిన బరువు వాళ్ల మీదికి వెళుతుంది. అన్నంలో విషం ఉందనుకున్నంత మాత్రాన తోట ధర తెలియకుండా పోతుందా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు. అందుకే ఆ భ్రమకూ ఈ అమ్మకానికీ ఉన్న ముడి చూపించాలి. ఇంట్లోవాళ్లు చంపేస్తారు, తోట ఇచ్చేస్తే చిన్నాన్న కొడుకు కాపాడతాడు అనుకుని రాసిచ్చాడా? ఆ మాట అప్పట్లో ఎవరితోనైనా అన్నాడా? అన్నాడని చెప్పగల సాక్షి దొరికితే కేసుకు వెన్నెముక దొరికినట్టే.

ఈ వారంలోనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం), దస్తావేజు సర్టిఫైడ్ నకలు తీయించండి. నకలులో సాక్షులెవరు, సొమ్ము నగదుగా ఇచ్చినట్టు రాశారా, బ్యాంకు ద్వారానా అన్నది చూడండి. అన్నయ్య ఖాతాలో ఆ డబ్బు పడకపోయినా, అసలు ధరకూ రాసిన ధరకూ పొంతన లేకపోయినా అది మీకు బలం. తర్వాత ఆ తేదీకి ముందూ వెనకా ఆరేసి నెలల ఓపీ చీటీలు, మందుల బిల్లులు, ఇంజెక్షను తేదీలు పోగుచేయండి. మందు ఎప్పుడు ఆగిందో బిల్లుల్లోని ఖాళీయే చెబుతుంది. ఆసుపత్రి రికార్డు అడిగే హక్కు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ కింద రోగికి ఉంది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకునే సర్టిఫికెట్టు కంటే ఆనాటి చీటీ విలువైనది. అప్పుడు చూసిన డాక్టరు కోర్టుకొచ్చి చెబితేనే దానికి పూర్తి బలం.

దావా అన్నయ్య పేరనే పడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 15వ రూలు కింద ఆయన తరఫున మీరో అమ్మగారో 'నెక్స్ట్ ఫ్రెండ్'గా, అంటే ఆయన బదులు దావా నడిపే మనిషిగా ఉండొచ్చు, కోర్టు విచారించి ఒప్పుకుంటుంది. రెండు వాదనలూ పెట్టించండి. దస్తావేజు అసలే చెల్లదన్నది మొదటిది. ఒకవేళ చెల్లుతుందనుకున్నా, జబ్బుతో మనసు బలహీనపడ్డ మనిషిని లొంగదీసుకుని రాయించారు గనక రద్దు చేయాలన్నది రెండోది. దీనికి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ ఆధారం. మొదటిది నిలబడని కేసుల్లో రెండోది ఆదుకుంటుంది. దస్తావేజు రద్దుకు గడువు మూడేళ్లు. మతిస్థిమితం లేనివారికి లిమిటేషన్ చట్టంలో సడలింపు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. తోటను ఇంకొకరికి అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షను) కూడా అడగండి. దావా పడ్డాక ఆ తోట కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాల్సిందే.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. కంగారుపడి ఇప్పుడు అన్నయ్యచేత మీ పేర జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారపత్రం) రాయించుకోవద్దు. మతి లేని రోజున అదీ చెల్లదు. పైగా అప్పుడు తెలివి లేదు, ఇప్పుడు ఉంది అని మీరే చెప్పినట్టవుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్ సర్టిఫికెట్టు తెస్తామనేవాళ్లనూ నమ్మొద్దు. 1999 నాటి ఆ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే గానీ స్కిజోఫ్రీనియాకు వర్తించదు. అవసరమైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్ (ఆయనతో కలిసి నిర్ణయాలు తీసుకునే సంరక్షకుడు) కోసం జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు.

ఇక వైద్యం. దావా కంటే ఇదే ముందు. ఆయన ఇదివరకు ఎవరినీ కాగితం మీద నామినీ ప్రతినిధిగా (వైద్యం విషయంలో తన తరఫున నిలబడే మనిషిగా) రాయకపోతే, దగ్గరి బంధువుగా మీరే ఆ స్థానంలో ఆయన్ను ఆసుపత్రిలో చేర్చుకోమని దరఖాస్తు పెట్టొచ్చు. తిండి మానేసి తన ప్రాణానికే ముప్పు తెచ్చుకుంటున్నా, తనకో ఇతరులకో హాని చేయబోయినా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద ఆయన ఒప్పుకోకపోయినా చేర్చుకోవచ్చు. చేర్చే రోజున గానీ, అంతకుముందు ఏడు రోజుల్లో గానీ ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. అలా ఉంచుకునేది గరిష్ఠంగా 30 రోజులు. ఏడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేసే పని ఆసుపత్రిది. ప్రాణం మీదికొస్తే ఏ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. కాకినాడ జీజీహెచ్‌ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి)లో సైకియాట్రీ విభాగం ఉంది. ఎలా ఒప్పించాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్‌ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైనులో తెలుగులో మాట్లాడతారు.

ఎంత కష్టమైనా ఆయన్ను కట్టేయకండి, గొలుసులు వేసే చోటుకు అసలే తీసుకెళ్లకండి. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పటి చట్టం ఏ రూపంలోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది.

ఫీజు గురించి భయపడవద్దు. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈసీ, నకలు, ఓపీ చీటీలు ఒక ఫైల్లో పెట్టుకుని అమలాపురం కోర్టు ఆవరణలో అడగండి, లేదా ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైను 15100కు ఫోన్ చేయండి.