పదో రోజు జ్వరం

చిరంజీవి సురేంద్రను ఆశీర్వదించి కర్నూలు నుండి మీ అత్త వ్రాయునది.

మీ నాన్నకు లింఫోమా అనే క్యాన్సర్ అని తేలిందనీ, ఆరు సైకిళ్ల, అంటే ఆరు విడతల, కీమో ముగిసేదాకా ఉద్యోగానికి సెలవు పెట్టి ఆదోనిలోనే ఉండి చూసుకుంటానన్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా తమ్మునికి ఇటువంటి కొడుకు ఉన్నాడని కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. మీ మామ విషయంలో ఆ ఆరు సైకిళ్లూ నేను చూసినవే గదా.

చేతులు కడుక్కోవడం, అప్పటికప్పుడు వండి పెట్టడం, దగ్గుతో వచ్చిన చుట్టాలను వాకిట్లోనే ఆపడం ఆస్పత్రిలో చెప్పే ఉంటారు. కీమోతో పాటు ఎక్కించే రిటుక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టక ముందే హెపటైటిస్ బి పరీక్ష చేశారో లేదో మాత్రం ఫైలు తీసి చూడు.

ఇక అసలు సంగతి. ముప్పై ఏళ్లు ల్యాబులో తెల్లకణాలు లెక్కపెట్టినదాన్ని నేను. మీ మామకు రెండో సైకిలు ఎక్కించిన నాలుగో రోజున తెల్లకణాలు 12,000 వచ్చాయి. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉన్నాను. కీమోతో పాటు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రక్తనాళాల గోడలకు అంటుకొని ఉన్న న్యూట్రోఫిల్ కణాలను, అంటే క్రిములతో పోరాడే తెల్లకణాలను, మూలుగలో సిద్ధంగా ఉన్నవాటిని రక్తంలోకి తోస్తాయనీ, కొత్తవి పుట్టే చోటును కీమో అప్పటికే దెబ్బతీసి ఉంటుందనీ, ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య ఆ లెక్క అడుగంటుతుందనీ నాకు తెలియక కాదు. పదో రోజు రాత్రి ఆయనకు 101 జ్వరం వచ్చింది. దగ్గు లేదు, పుండు లేదు, ఎక్కడా చీము లేదు. చీము పట్టడానికి కూడా ఆ కణాలే కావాలన్న ఆలోచన రాలేదు నాకు. పారాసిటమాల్ ఇచ్చాను, జ్వరం దిగింది, పొద్దున పోదామని పడుకున్నాము.

తెల్లవారుజామున వణుకు మొదలైంది. కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోతుంటే ఎమ్మిగనూరు దాటేసరికి పిలిస్తే పలకలేదు. కర్నూలులో ల్యాబు అమ్మాయి నన్ను గుర్తుపట్టి స్లైడు చూడనిచ్చింది. లెన్సు కింద ఎంత జరిపినా ఎర్రకణాలే తప్ప, ఊదారంగు తమ్మెల కేంద్రకంతో ఉండే ఆ కణం ఒక్కటి కంటబడడానికి చాలాసేపు పట్టింది. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు 500 కంటే తగ్గితే తీవ్ర ప్రమాదం. ఆయనకు 200 ఉన్నాయి. పదకొండు రోజులకు ఇంటికి వచ్చారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు. అయినా ఆ రాత్రి ఇచ్చిన మాత్రను నేను మరచిపోలేదు.

అందుకని, 100.4 చూపిస్తే మాత్ర వేయవద్దు, తెల్లవారనీ అనవద్దు. వెంటనే కారెక్కించు, గుమ్మంలోనే "కీమో జరుగుతున్న మనిషి" అని చెప్పు. గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. ఫోను సైలెంటులో పెట్టి పడుకునే నీ అలవాటు కీమో ముగిసేదాకా మానుకో నాయనా.

ఆరో సైకిలుతో జాగ్రత్త వదలవద్దు. రిటుక్సిమాబ్ తమ పైన సిడి20 అనే గుర్తు ఉన్న బి కణాలన్నిటినీ (ఇవీ ఒక రకం తెల్లకణాలే), మంచివాటిని సైతం, తుడిచిపెడుతుంది. అవి తిరిగి రావడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, నిండా కోలుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలకు ఆ గుర్తు లేదు కనుక పాత రక్షణ కొంత నిలుస్తుంది గాని, ఆ నెలల్లో వేసిన టీకాలు సరిగా పట్టవు. డాక్టరును అడగకుండా ఏ టీకా వేయించవద్దు, బతికున్న క్రిములతో చేసినవి అసలే వద్దు.

కొత్త థర్మామీటరు పంపుతున్నాను. ప్రతి సైకిలు తేదీ నాకు తెలియజేయి. ఆ ఏడో రోజు నుంచి నాకు ఎలాగూ నిద్ర పట్టదు, ఏ వేళ ఫోను చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
మీ అత్త